పెన్‌డ్రైవులు వెనక్కి తెచ్చుకున్న సంగతి

తిరువూరు,
శనివారం.

ప్రభువునందు ప్రియమైన రావమ్మకు ఏసురత్నం వందనాలు. దేవుని కృపవల్ల నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. నరసరావుపేటలో నువ్వూ, మన అమ్మాయి గ్లోరీ, చంటిదీ బాగున్నారని నీ ఉత్తరంలో చదివి స్తోత్రం చెప్పుకున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఆవకాయ మీద నూనె తేలేట్టు అమ్మ మళ్ళీ పోసింది. వైండింగు షాపులో కాలిన మోటార్లు వస్తూనే ఉన్నాయి. "మా తమ్ముడు మందిరానికి వస్తున్నాడా" అన్నావు. రావడం లేదు. ఎందుకో చెప్పాలంటే వరసగా చెప్పాలి.

పాటలు రికార్డు చేసే ప్రోగ్రాము మీ తమ్ముడు ప్రేమ్ కిరణ్ కొనకుండా, తాళం పగలగొట్టింది వాడుతున్నాడని రెండు నెలల కిందట ప్రసంగంలో పేరు పెట్టి గద్దించాను. "దొంగసొత్తుతో దేవుణ్ణి స్తుతిస్తావా?" అన్నాను. అతను కీబోర్డు సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. అప్పుడు నువ్వూ ఉన్నావు. తర్వాతిది నీకు తెలియదు.

వద్దన్నవాడు దారి కూడా చూపించాలి గదా. అందరికీ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాము ఒకటి వెతికి పట్టుకున్నాను. కానీ మన విండోస్ కంప్యూటర్లో, మైకులో పాడిన మాట చెవిలో కాస్త ఆలస్యంగా వినపడుతోంది, తాళం తప్పుతోంది. అది పోవాలంటే వేరే కంపెనీవాళ్ళ ముక్క ఒకటి తెచ్చి, ప్రోగ్రాము అసలు రాతతో కలిపి, మన కంప్యూటర్లో మనమే తయారు చేసుకోవాలట. దాన్ని కంపైల్ చెయ్యడం అంటారు. వైండింగే ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాణ్ణి, ఇదెంత అనుకున్నాను.

రావమ్మా, పందొమ్మిది రోజులు పట్టింది. పనిముట్లు దింపుకోవడానికే చోటు చాలక నా పాత ప్రసంగాల వీడియోలు చెరిపేశాను. ఒక పనిముట్టు కొత్తది, ఒకటి పాతది. బాబెలు గోపురం కట్టిన కూలీల్లాగా ఒకదాని మాట ఒకదానికి తెలియదు. తెర నిండా ఎర్రక్షరాలు. కంప్యూటర్లో నా పేరు తెలుగులో పెట్టుకున్నాను గదా, ఆ పేరున్న ఫోల్డర్ని అది చదవలేకపోతోందని తెలియడానికే నాలుగు రోజులు. తీరా తయారయ్యాక, వైరస్‌ని పట్టే ప్రోగ్రాము దీన్నే వైరస్ అనుకుని తుడిచేసింది.

అమ్మ వచ్చి, "ఒరే, ఆ పెట్టెని గద్దించే బదులు ప్రేమ్‌ని పిలవరాదూ?" అంది.

"నువ్వూరుకోమ్మా" అన్నాను.

పందొమ్మిదో రోజున "స్తోత్రం" అని మైకులో అంటే అప్పుడే చెవిలో "స్తోత్రం" అని వినపడింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. మర్నాడే పెన్‌డ్రైవుల్లో ఎక్కించి రెడ్డిగూడెం, పెనుగొలను, గంపలగూడెం సంఘాలకు పంచాను. "ఇది కష్టార్జితం, దొంగసొత్తు కాదు" అని చెప్పి మరీ ఇచ్చాను.

ఇక నీ దగ్గర దాచిన సంగతి. పెనుగొలను పాస్టరు అంతోనయ్యగారు దాని గురించి ప్రేమ్‌ని ఏదో సందేహం అడిగారట. పోయిన వారం బుధవారం అతను షాపుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్లో ఇంగ్లీషులో ఉన్న షరతులు చూపించాడు.

"బావా, ఆ ముక్క కలిపి చేసింది మన వాడకానికే. ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు. ఒప్పుకుంటున్నానని నువ్వే నొక్కావు."

"అదంతా ఎవరు చదువుతార్రా? ఉచితంగా వచ్చింది పంచితే తప్పేంటి?"

"ప్రోగ్రాము ఉచితమే. ఆ ముక్క వాళ్ళది. నేను నా ఒక్కడికోసం వాడా. నువ్వు మూడూళ్ళకి పంచావు. అంతమందిలో నా పేరు ఎత్తావు గదా, నీ పేరు ఎవరు ఎత్తుతారు బావా?"

వెళ్ళిపోయాడు.

పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్నవాడి కథ విని దావీదు రాజు మండిపడితే, ప్రవక్త వేలు రాజువైపే తిరిగింది. ఆ కథ మీద ఎన్ని ఊళ్ళలో గొంతు చించుకున్నానో నీకు తెలుసు.

గురు, శుక్రవారాల్లో బస్సెక్కి మూడూళ్ళూ తిరిగి, వాళ్ళ కంప్యూటర్లలోంచి తీసేయించి పెన్‌డ్రైవులు తెచ్చుకున్నాను. కారణం ఎక్కడా దాచలేదు. ఎవరిది వాళ్ళు తయారు చేసుకుంటామంటే దగ్గర కూర్చుని నేర్పుతానన్నాను. "ఆ ఎర్రక్షరాలు మాకెందుకండీ, ఆలస్యంగానే పాడుకుంటాం" అని అంతోనయ్యగారు నవ్వారు.

మన మందిరంలో మాత్రం చెప్పలేదు. పోయిన ఆదివారం చెబుదామనే లేచాను. లేచి, తాగుడు మీద గంటన్నర ప్రసంగించాను. అందరూ ఆమేన్ అన్నారు. భయపడ్డాను రావమ్మా. నీ దగ్గర ఒప్పుకోవలసింది పెన్‌డ్రైవుల సంగతి కాదు, ఇదీ.

రేపు చెప్తాను. అతని పేరు ఎక్కడ నిలబడి అన్నానో అక్కడే నిలబడి నా పేరు అంటాను. అతను చేసింది ఒప్పని చెప్పను. కానీ సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని వాక్యం చెబుతుంటే, నేను నేరుగా పదిమందిలో అన్నాను. అదీ చెప్తాను. నువ్వు ఫోన్ చేసి తమ్ముణ్ణి రమ్మని బతిమాలకు. అతను వస్తేనే చెప్పి, రాకపోతే మింగేసే మాట కాకూడదు ఇది.

ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్తాను. ప్రేమ్ ఇంటికి వెళ్తున్నానని మాత్రమే చెబితే, సంఘపెద్దలు తోడొస్తామన్నారు. వద్దన్నాను. మొదటే వెళ్ళవలసినట్టు, ఒక్కణ్ణే వెళ్తాను.

ఇట్లు,
నీ పెనిమిటి
ఏసురత్నం