కోడికూరా, లైన్ క్లియరూ

క్యాంపు, జూన్ 14

చిరంజీవి బిందుమాధవికి తాతయ్య రామకోటేశ్వరరావు మనసారా దీవించి రాయునది.

ఫోన్లో నువ్వు చెప్పేది నాకు సగమే వినపడుతుంది. మిగతా సగం మీ నాయనమ్మ శివపార్వతి తనకు తోచినట్టు కల్పించి చెబుతుంది. అందుకే ఈ ఉత్తరం. నిజామాబాద్‌కి పాల వ్యాను తోలే భానుప్రసాద్ చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇయ్యి.

నీకు కరెంటు ఆఫీసులో ఇంజనీరు ఉద్యోగం వచ్చిందని క్యాంపు మొత్తానికీ చెప్పేశాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలవ కింద భూమి కొని, తోటివాళ్ళతో ఈ క్యాంపు కట్టుకున్నప్పటి నుంచీ మనింట్లో రైతులే తప్ప ఇంజనీరు లేడు. ఇప్పుడు కోటగిరి సంతకెళ్ళినా నన్ను ఆపి పలకరిస్తున్నారు.

ఒక చిన్న పని ఉంది. మన చెరకు మీద కరెంటు తీగలు బాగా కిందికి వేలాడుతున్నాయి. ట్రాక్టరు దింపాలంటే భయమేస్తోంది. నువ్వు ఒక్క మాట చెప్పి పైకి లాగించు.

నీ మేలు కోరే
తాతయ్య

తా.క. గోంగూర పచ్చడి సీసా పంపాను. అది నీకు కాదు, మీ ఆఫీసరుకు. నీకు కావాలంటే ఆయన్ని అడిగి వేసుకో.


నిజామాబాద్, జూన్ 18

తాతయ్యకు, మీ బిందు నమస్కరించి రాసేది.

ముందు క్యాంపులో ఒక మాట సవరించండి. నాది ఉద్యోగం కాదు, అప్రెంటిస్‌షిప్. ఏడాది పాటు నేర్చుకోవడం. నేను దేన్నీ ముట్టుకోకూడదు. హెల్మెట్ పెట్టుకుని పసుపు గీత ఇవతల నిలబడి గంటగంటకీ మీటర్లు చూసి రాస్తాను, అంతే. చివర్లో మా ఆఫీసరు, ఏఈ రవీందర్ గారు సంతకం చేసి సర్టిఫికెట్ ఇస్తేనే రేపు ఏ ఉద్యోగానికైనా పనికొస్తాను. నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ సంతకం పడదు.

ఇక్కడ మొదటి రోజే నేర్పింది లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి ఆ లైన్‌కి కరెంటు తీయించుకుంటాడు. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. పనయ్యాక తీసుకున్న మనిషే స్వయంగా తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరు చెప్పినా కరెంటు ఇవ్వకూడదు. ఇస్తే పైనున్న మనిషి ప్రాణం పోతుంది.

తీగల సంగతి మీ వైపు లైన్‌మన్ బాలన్న సామాను కోసం ఇక్కడికి వచ్చినప్పుడు చెప్పాను. వీలు చూసుకుని వస్తానన్నాడు.

మీ మనవరాలు
బిందు

తా.క. పచ్చడి ఆఫీసరుకు ఇవ్వకూడదు, అది లంచం కిందికి వస్తుంది. నేరం జరగకుండా మొత్తం నేనే తినేశాను.


క్యాంపు, జూన్ 23

మా ఇంటి ఇంజనీరు బిందుమాధవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రామాలయం దగ్గర అందరికీ చదివి వినిపించాను. మధ్యలో లైన్ అదీ ఇదీ అని రాసిన పేరా నాకు కొరుకుడు పడలేదు, అది వదిలేసి మిగతాది చదివాను. కరెంటు మొత్తం లెక్క నీ చేతి మీదుగానే నడుస్తుందని జనానికి అర్థమైంది.

నాకు అర్థమైంది వేరు. ఇంజనీరింగ్ చదివిన పిల్లని పసుపు గీత దగ్గర నిలబెట్టి అంకెలు రాయిస్తున్నారంటే అక్కడ నీకు విలువ లేదన్నమాట. నువ్వేం దిగులు పడకు. పైవాళ్ళకి పచ్చడి పెడితే తప్పయితే కిందివాళ్ళకి అన్నం పెడితే తప్పు కాదు కదా. మీ డిపార్టుమెంటు మనిషి ఎవరు మన క్యాంపులో అడుగుపెట్టినా మనింట్లో చెయ్యి కడుక్కోకుండా వెళ్ళడు. నీకు మంచి పేరు తెప్పించే పూచీ నాది.

నీ తాతయ్య

తా.క. ఆ బాలన్న కోడి తింటాడా?


నిజామాబాద్, జూన్ 27

తాతయ్యా, మీకూ నాయనమ్మకూ నమస్కారాలు.

దయచేసి ఎవరికీ ఏమీ పెట్టకండి. వాళ్ళు డ్యూటీ మీద వస్తారు. నాకు మంచి పేరు రావాలంటే మీరు ఏమీ చేయకుండా ఉంటే చాలు.

వచ్చే నెలంతా నన్ను ఒక పల్లె సబ్‌స్టేషన్లో వేశారు. బోధన్‌లో గది తీసుకుని రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. ఏ ఊరో చెప్పను. చెబితే మీరు క్యారియరు పట్టుకుని గేటు దగ్గర కూర్చుంటారు. ఇకపై ఉత్తరాలు భానుప్రసాద్ బాబాయి బోధన్‌లోనే ఇస్తాడు.

ఉంటాను మరి,
బిందు

తా.క. బాలన్న కోడి తింటాడు. కానీ కడుపునిండా తింటే ఇక లేవడని వాళ్ళావిడ భాగ్యలక్ష్మి రెండు జొన్నరొట్టెలే కట్టి పంపిస్తుందట. ఆయనే చెప్పి నవ్వాడు. మీరు ఈ తా.క. చదవనట్టే మర్చిపోండి.


క్యాంపు, జూలై 9

చిరంజీవి బిందుమాధవికి, ఒళ్ళు మండిపోతున్న మీ తాతయ్య రాయునది.

ముందు మంచి మాట. నిన్న బాలన్న వచ్చాడు. పొద్దెక్కక ముందే మన తీగలు గట్టిగా పైకి లాగేశాడు. ఎంత నెమ్మదస్తుడో. అన్నానికి రమ్మంటే నిచ్చెన కూడా తీయకుండా మొహమాటంగా వచ్చాడు. మీ నాయనమ్మ కోడికూర, గారెలు, గడ్డపెరుగు పెట్టింది. "పెద్దాయన, గింత తిన్నంక నడుసుడు కూడ కష్టమే" అన్నాడు. వెనక వరండాలో నవారు మంచం వాల్చాను. పాపం, ఎన్నాళ్ళకి పడుకున్నాడో, పొద్దు వాలిందాకా కదల్లేదు.

ఇక చెడ్డ మాట. పొద్దున తీసిన కరెంటు రాదే! నాట్లకి వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. మోటారు లేదు, మడిలో నీళ్ళు లేవు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది. తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వాలి, అప్పటిదాకా ఇవ్వం అని సగం వినపడీ వినపడకుండా పాఠం చెప్పింది. నా మనవరాలు మీ డిపార్టుమెంటులో ఇంజనీరు అన్నాను. "ఎవరైనా అంతే సార్" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం బాలన్న ఉలిక్కిపడి లేచి, ఛార్జింగుకి పెట్టిన తన ఫోన్ చచ్చి ఉందని నాది తీసుకుని మాట్లాడాడు. వెంటనే కరెంటు వచ్చింది. మంచివాడి మాటకి ఉన్న విలువ అది.

ఊరుకుంటానా? క్యాంపు అందరి చేతా సంతకాలు పెట్టించి ఆ పిల్లని తీసేయమని ఏఈ గారికి ఫిర్యాదు పంపాను.

కోపం తగ్గని
తాతయ్య

తా.క. ఆ పిల్ల పేరు తెలియలేదు. నువ్వు కనుక్కుని మీ ఆఫీసరుకు చెప్పు.


బోధన్, జూలై 15

తాతయ్యకు, ఆ పిల్ల నమస్కరించి రాసేది.

పేరు కనుక్కున్నాను. బిందుమాధవి. మన క్యాంపుకి కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్లోనే నన్ను వేశారు. మీ గొంతు నాకు తెలిసింది. కానీ డ్యూటీలో ఉన్నాను కాబట్టి సార్ అన్నాను. బాలన్నని చూశారా అని అడిగేలోపే మీరు ఫోన్ పెట్టేశారు, తిరిగి చేస్తే ఎత్తలేదు.

ఆ రోజు లైన్ క్లియర్ బాలన్న పేరు మీద ఉంది. అతను తిరిగి ఇవ్వలేదు, ఫోన్ కలవడం లేదు. మనిషిని పంపిస్తే స్తంభానికి నిచ్చెన ఆనించి ఉంది, బాలన్న లేడు. పడిపోయాడేమోనని మన చెరకంతా వెతికారు. మీ వరండా ఎవరికీ తోచలేదు. ఊళ్ళన్నీ ఫోన్లు చేస్తుంటే ఆపరేటర్ కొమురయ్య తట్టుకోలేక, "బాలన్న ఎప్పుడో దిగిపోయి ఉంటడు బిడ్డా, లైన్ ఇచ్చేద్దం" అని లేచాడు. నేను పసుపు గీత దాటి, స్విచ్చులుండే ప్యానెల్‌కి అడ్డం నిలబడ్డాను. బాలన్న గొంతు వినేదాకా వద్దన్నాను. పైకి గట్టిగానే ఉన్నాను గానీ లోపల చచ్చేంత భయమేసింది. భాగ్యలక్ష్మక్కకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. సాయంత్రం అతని గొంతు వినగానే ఏడ్చేశాను. ఆ గొంతు మీ ఫోన్లోంచి వచ్చిందని తెలిశాక కోపమొచ్చింది.

మీ ఫిర్యాదు పట్టుకుని రవీందర్ గారు నన్ను పిలిచారు. సర్టిఫికెట్ పోయిందనే అనుకున్నాను. ఆయన పైకి చదివారు: "ఎంత గదమాయించినా, ఎవరి పేరు చెప్పినా, తీసుకున్నవాడు తిరిగి ఇవ్వనిదే కరెంటు ఇవ్వనని ఈ అమ్మాయి మొండికేసినది." కింద క్యాంపు క్యాంపంతా సంతకాలు. ఈయన ఎవరని అడిగితే మా తాతయ్య అని ఒప్పుకున్నాను. ఆయన కాసేపు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు. "నీ గురించి నేను రాసినా గింత మంచిగ రాయకపోదును" అని మీ ఫిర్యాదుని నా ట్రైనింగ్ రిపోర్టుకి జతచేసి కింద సంతకం పెట్టారు.

మీరు చెప్పినట్టే అయింది తాతయ్యా. నాకు మంచి పేరు తెప్పించే పూచీ మీదన్నారు, తెప్పించారు.

ఇప్పటికీ మీ మీద ప్రేమే ఉన్న
బిందు

తా.క. బాలన్న సంగతి విచారించడానికి రవీందర్ గారు గురువారం మనింటికే వస్తున్నారు. బాలన్న లాగకుండా పక్క చేలల్లో మిగిలిపోయిన తీగలు కూడా అదే రోజు లాగిస్తారు. లైన్ క్లియర్ ఈసారి ఆయన పేరు మీదే ఉంటుంది. మంచినీళ్ళు మాత్రం ఇవ్వండి. నవారు మంచం లోపల పెట్టి తాళం వేయండి.