ఖుర్షిదాకు పస్తు వద్దు

చిలకలూరిపేట,
12 మార్చి 1963.

అత్తయ్యగారికి,

కోడలు నసీమున్నీసా సలాం. కనిగిరిలో వదిన, పసిబిడ్డ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం మీకు వదినే చదివి వినిపిస్తుంది కదా, మధ్యలో ఆపకుండా చదవమనండి.

ఈ ఉదయం స్నానం చేయిస్తుంటే మన పాప ఖుర్షిదా భుజం మీది పెచ్చు ఊడి నీళ్లలో పడింది. పడవ, పడవ అని చప్పట్లు కొట్టింది. అది మసూచి టీకా పెచ్చు. మీరు వద్దన్నారు. నేను వేయించాను.

దీని అన్న, మన సుభానీ, టీకా వేయించాకే పోయాడు. ఒకణ్ణి టీకాకి ఇచ్చింది చాలదటే అని మీరు అడిగారు. మీరు వెళ్లాక వెనక వీధిలో మసూచి వచ్చింది. మీ అబ్బాయి మిరపకాయల లారీతో మద్రాసులో ఉన్నారు. పొద్దున పాలు ఆలస్యమైతే ఖుర్షిదా తోటకూర కాడలా వేలాడిపోవడం మీరూ చూశారు. అందుకని ముందు గుంటూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. పిల్ల ఒంట్లో చక్కెర నిలవదట, వేళకు తిండి పడకపోతే చప్పున పడిపోతుందట. పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బట. సుభానీకీ అదే ఉండి ఉంటుందన్నారు డాక్టరమ్మ. టీకాకి జ్వరం రావడం మామూలేనట. ఆ జ్వరంలో మనం పెట్టిన లంఖణమే వాడి ప్రాణం మీదికి తెచ్చి ఉంటుందట. మసూచి వస్తే ఇలాంటి పిల్లలు అసలు తట్టుకోలేరట.

జ్వరానికి లంఖణమే మందని మీ అమ్మ మీకు చెప్పారు, మా అమ్మ నాకు చెప్పింది. వాడు అన్నం అడిగితే ఇద్దరం ఏడుస్తూనే వద్దన్నాం.

ఈ సంగతి చెబితే మామయ్యగారు దూది ఏకడం ఆపి బయటికి వెళ్లిపోయారు. పక్కింటి మాబూబీ పిన్ని మాత్రం, నీ కాన్వెంటు చదువు జ్వరాన్ని దించుతుందేమిటే అంది. దించదు. గంజి వేళ తప్పనివ్వదు, అంతే.

టీకా వేయించాక జ్వరం రానే వచ్చింది. రెండు రోజులుంది. చక్కెర వేసిన గంజి ఆపలేదు. వాంతులైతే ఆసుపత్రికి పోవడానికి జట్కా కూడా మాట్లాడి ఉంచాను. అవసరం పడలేదు.

మీరు వచ్చి తిట్టండి, వింటాను. కానీ ఏ జ్వరానికీ ఖుర్షిదాను పస్తు ఉంచనివ్వను. ఈ ఒక్క మాట దగ్గర తగ్గను.

మీ కోడలు,
నసీమున్నీసా

తా.క.: గంజి కాచింది నేను. ఆ రెండు రోజులూ పని మానుకుని, పిల్లను ఒళ్లో వేసుకుని, చెంచాతో పట్టింది మామయ్యగారు.