సెకండ్ బేస్ దగ్గర నువ్వు

అన్నా,

ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి చొరబడిన రోజును తలుచుకుంటూ ఈరోజు అర్దియా క్లబ్బులో మీ బేస్‌బాల్ జట్టు ఫొటోలు పెట్టారు. సెకండ్ బేస్ దగ్గర నువ్వు, బంతి నేల తాకి పక్కకు ఎగరకుండా బూటుతో రాళ్లు తోస్తున్నావు. కింద ‘ఊడ్చే పనివాడు’ అని రాశారు. నాకు ఒళ్లు మండింది.

“ఇఖామా కార్డులో అట్లనే ఉంది గదప్పా, ఫొటోలోనూ ఊడుస్తానే ఉండాడు!” అన్నాడు క్లబ్బు మేనేజరు, మన రాయచోటి ఆయనే.

జీతమిచ్చి ఆడించుకుంటూ నీకు ఊడ్చేవాడి వీసా కొట్టించింది నీ యజమాని, ఆ కఫీల్ కాదా? సైన్యం వచ్చిన ఆ తెల్లవారుజామున మీ పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసి, సరిహద్దు దాటిపోయింది వాడు కాదా? ఇక్కడే చిక్కుకున్న నువ్వు ఏమయ్యావో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పక్క ఫొటోలో ఆ కఫీల్ నీ గ్లవ్ తొడుక్కుని నవ్వుతున్నాడు. ఒక్క బంతీ పట్టని ఆ మనిషి కింద ‘ఆటగాడు’ అని ఉంది.