అక్కకు ఒడిబియ్యం

సిరిసిల్ల, ఆదివారం

కనకలక్ష్మి అక్కకు తమ్ముడు రాజేశం నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఈ కార్డు.

మంగళవారం మార్కెట్ ఎత్తేసే వేళ నేను చవకగా వచ్చే మెత్తబడ్డ టమాటాలు ఏరుతుండగా, కోరుట్ల నుంచి పని మీద వచ్చిన బావ చూశాడు. "ఏంది బామ్మర్దీ, సాంచాలమ్మి గీ గతికొచ్చినవా?" అని నలుగురిలో నవ్వాడు. "గతి కాదు బావా, రోజుకు ఖర్చు మూడువందలు దాటద్దని పెట్టుకున్న" అన్నాను. ఆయన నమ్మలేదు. మర్నాడే నువ్వు నీ మరదలు సువర్ణకు ఫోన్ చేసి, "తమ్మునికి బరువు గావద్దు, గీసారి ఒడిబియ్యం వద్దే" అన్నావట.

అక్కా, మరమగ్గాలు అమ్మిన డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. నలభై ఆరేళ్లకే పని మానినవాణ్ణి, అది చివరిదాకా రావాలి కనుక రోజుకు ఒక హద్దు పెట్టుకున్నాను. అందులో మిగిలింది విడిగా దాస్తున్నాను. మూడేళ్లకోసారి పుట్టింట్లో నీ ఒడి నింపడానికే అది. చీర పోయిన నెలే తెచ్చాం.

బావకు ధోవతి తీయాలా, ప్యాంటు గుడ్డా? ఒడిలో పెట్టే ఎండుకొబ్బరి కుడుకలు అక్కడ చవకైతే ఐదు తీసుకురా, డబ్బు ఇస్తాను.

నేను పని మానుకున్నాను గాని, నీకు తమ్ముడిగా ఉండటం మానుకోలేదు. పిల్లలకు మా ఆశీస్సులు. పదిహేనో తేదీ శుక్రవారం పొద్దున్నే సువర్ణ బియ్యంలో పసుపు కలుపుతుంది. ముందురోజే రండి.

రాజేశం