జుట్టు పెరిగాకే మాత్ర

తిరుపతి

తిరుమలమ్మ గారికి, ఆసుపత్రి నుంచి నర్సు రేవతి నమస్కారాలు.

రొమ్ము క్యాన్సరు ఆపరేషను తర్వాత ఐదేళ్లు వేసుకోమన్న హార్మోను మాత్ర కోసం మీరు ఎండాకాలం నుంచి రావడం లేదు. ఫోను చేస్తే మీ ఆయన సుబ్బన్న గారు ఎత్తి, "ఆమె బాగుండాదమ్మా" అని పెట్టేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం. బాగున్నప్పుడే ఆ మాత్ర వేసుకోవాలి. జబ్బు మళ్లీ రాకుండా అడ్డం నిలబడేది అదే. ఒంట్లో సెగలు, కీళ్ల నొప్పులు ఉంటే దాచకండి, డాక్టరుగారు ఏదో ఒక దారి చూపిస్తారు.

మీ మేలు కోరే
రేవతి

తా.క.: మాత్ర రంగు నచ్చలేదని మానేసినావిడ కూడా ఉంది. మీరు ఆ రకం కాదనుకుంటాను.

నగరి

రేవతి నర్సమ్మకు తిరుమలమ్మ దీవెనలు.

సెగలూ నొప్పులూ ఉన్నాయి. సుబ్బన్నతో కాపురం చేసినదానికి అవి ఒక లెక్కా? మానేసింది జుట్టు కోసం. నేను ఆపరేషను బల్ల మీద తెలివిలేకుండా పడి ఉన్నప్పుడు మా ఆయన బయట నిలబడి, నేను బతికితే నా తలనీలాలు ఇప్పిస్తానని కొండకు మొక్కుకున్నాడు. తర్వాత మీ మందులకు ఉన్న జుట్టంతా ఊడింది. మళ్లీ మొలిచిందని సంతోషపడితే, ఈ మాత్రకు దువ్వెన నిండా వెంట్రుకలే. ఈ పీచు పట్టుకుపోయి స్వామికి ఎలా ఇచ్చేది? ఒత్తుగా పెరగాలి, మొక్కు తీరాలి, ఆ తర్వాతే మాత్ర. ఆయన కూడా మీసానికి ఆముదం రాసుకుంటూ "తొందరేముండాది, పెరగనీ" అంటాడు.

ఇట్లు
తిరుమలమ్మ

తా.క.: ఆ మీసం పెళ్లికి ముందు నుంచీ ఉంది. పెళ్లిచూపుల్లో మా నాయన దాన్ని చూసే ఒప్పుకున్నాడు, మనిషిని సరిగ్గా చూడలేదు.

తిరుపతి

తిరుమలమ్మ గారూ, నమస్కారం.

స్వామి ఎవరి జుట్టూ తూకం వేయడు. ఆడవాళ్లు మూడు కత్తెరలు ఇచ్చినా మొక్కు చెల్లుతుంది. ఇచ్చేసి వెంటనే వచ్చి డాక్టరుగారికి కనబడండి. జుట్టు పలచబడిందని బెంగ అయితే ఒక సవరం పెట్టుకోండి, సరిపోతుంది.

రేవతి

తా.క.: దయచేసి ఈసారి ఫోను మీరే ఎత్తండి.

నగరి

రేవతి నర్సమ్మకు,

ప్రాణం నిలబెట్టిన వాడికి కొసలు కత్తిరించి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. మీరు చెప్పిన సవరం నచ్చింది. నడుము దాటేది కొని, నా పీచుకు గట్టిగా కట్టి, అదే ఇచ్చేద్దామని ఆయనతో కలిసి బస్సెక్కాను. దారిలో మా ఆయన అందుకున్నాడు: "ఆ జుట్టు యాడిదనుకున్నావు? కొండ మీద జనం ఇచ్చిందే వేలంలో అమ్ముతారంట. స్వామి సొత్తు స్వామికే ఇస్తావా?" నాకు చెమటలు పట్టి పుత్తూరులోనే దిగి వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు వీధంతా నాకు సాయం. మగ్గాల గుణశేఖర్ తన జుట్టు నాకోసం పెంచుతున్నాడు. ఎదురింటి అమల చర్చికి పోయే మనిషైనా గోరింటాకు నూనె కాచి ఇచ్చింది.

తిరుమలమ్మ

తా.క.: సవరాన్ని చూరుకు తగిలించాను. కోడి దాని కిందే గుడ్లు పెడుతోంది.

తిరుపతి

తిరుమలమ్మ గారికి,

సవరం పెట్టుకోమన్నాను గానీ ఇచ్చేయమనలేదు తల్లీ. ఈ ఉత్తరం సుబ్బన్న గారిని ఎదురుగా కూర్చోబెట్టి చదవండి. సుబ్బన్న గారూ, ఎంత జుట్టు ఇస్తానని మొక్కారో మీ నోటితో చెప్పండి. ఆ రోజు ఆపరేషను గది బయట నేనూ ఉన్నాను.

రేవతి

తా.క.: ఉన్నాను గానీ ఒక్క ముక్కా వినబడలేదు. ఈ తా.క. ఆయనకు చదవొద్దు.

నగరి

నా తల్లి రేవతికి,

"నేనూ ఉన్నాను" దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది. "నర్సమ్మ ఇనేసిందా?" అన్నాడు. ఇంకేముంది, అంతా కక్కేశాడు. ఆయన మొక్కింది నా జుట్టు కాదు, తన మీసం. నేను కళ్లు తెరవగానే మీసం మీద మళ్లీ ప్రేమ పుట్టి, మొక్కును నా నెత్తికి మార్చాడు. నా జుట్టు పెరిగేదీ లేదు, స్వామి ముందు ఆ మీసంతో నిలబడే పనీ లేదని ధైర్యం. "దానికోసం నువ్వు మాత్ర మానేస్తావని ఆ పొద్దు నాకేం తెలుసు తిరుమలా, మానేసినాక చెప్పేదానికి మొహం చెల్లలేదు" అని ఏడ్చాడు. ఒక మీసం కోసం చచ్చేదాన్ని కదమ్మా.

మర్నాడే కొండకు లాక్కుపోయాను. తీసిన మీసం పిడికిట్లోకి కూడా రాలేదు.

నీకు ఒకటి చెప్పాలి. ఆ సెగలకు నాకు నిద్ర ఉండేది కాదు, నొప్పులకు పొద్దున లేస్తే చెంబు పట్టుకోలేకపోయేదాన్ని. ఓర్చుకోలేనంటే నవ్వుతారని జుట్టును అడ్డం పెట్టుకున్నాను. సోమవారం వస్తున్నాను. డాక్టరుగారితో అన్నీ చెప్పి, మాత్ర మళ్లీ మొదలుపెడతాను. నువ్వు పక్కన ఉండు.

నీ తిరుమలమ్మ

తా.క.: మీసం లేకుండా ఆయన మొహం మొదటిసారి చూశాను. పాపం, మా నాయన మోసపోయాడు.