నేను ఆర్పేసిన లైటు

అన్నయ్యా, నా ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. పాత కార్ల షెడ్డులో పని మాత్రం మానేశాను.

నెల కిందట బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ మా దగ్గర పాత హైబ్రిడ్ కారు కొనుక్కుంది. దాని పెద్ద బ్యాటరీ అప్పటికే ఆఖరి దశలో ఉంది. ఓనరు చెప్పాడని, స్టీరింగు ముందు వెలిగే బ్యాటరీ హెచ్చరిక లైటును మిషను తగిలించి నేనే ఆర్పేశాను. ఆవిడ అడిగితే "ఢోకా లేదమ్మా, తీసుకోండి" అన్నాను.

మొన్న ఆవిడ షెడ్డుకి నడుచుకుంటూ వచ్చింది. గుండెనొప్పి వచ్చిన తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కారు సగం దారిలో ఆగిపోయిందట. వేరే బండి దొరికేసరికి ఆయన పోయాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నాన్నకి ఉక్కపోస్తోందని ఏసీ పెంచాను బాబూ. అందుకే ఆగిపోయిందా?" అని అడిగింది.

"మీ తప్పు కాదమ్మా, నాది" అని జరిగిందంతా చెప్పాను. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టిచ్చాను. ఆవిడ దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

నీదీ హైబ్రిడ్ కారే కదా, వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఉంటుంది, దుమ్ము దులుపుతున్నావా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా స్పానర్ల పెట్టె పంపించు. పాపకు ముద్దులు.

కార్లు బాగుచేసే పని నాకు నేర్పింది నువ్వే. ఎంత కోపం వచ్చినా సరే, జవాబు రాసేటప్పుడు పైన తమ్ముడూ అనే రాయి.