బ్లాస్టింగ్ వేళకు లేచిన చెయ్యి

రాజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ మధ్యాహ్నం మన రికార్డింగ్ గదిలో నీ బిడ్డ శిరీష పాడింది. నువ్వు పాడిన మైకే. అదురు తగలకుండా స్టాండు కింద నువ్వు తెచ్చి వేసిన పాత కన్వేయర్ బెల్టు ముక్క అలాగే ఉంది.

రెండు కాగానే నా చెయ్యి లేచింది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ వేళైంది, పాట ఆపమని నీకు రోజూ చేసిన సైగే. ఆ గని మూతపడిన సంగతి నా చేతికింకా తెలియదు. శిరీష కళ్లు మూసుకుని, నువ్వెప్పుడూ ఆగిపోయే చరణం దాటి, చివరిదాకా ఒక్క టేకులో పాడేసింది.

హెడ్‌ఫోన్లు తీస్తూ, ఇంకా పైనే ఉన్న నా చెయ్యి చూసి, "మామా, చెయ్యెందుకు లేపినవ్? తప్పు పాడిన్నా?" అంది.

"తప్పేం లేదు బిడ్డా. ఇంకోటి అందుకో, ఇగ ఆపేది లేదు."